పెరట్లో తనంత తానే మొలిచిన చైనీస్ టాలో చెట్టు: ఉంచాలా, కొట్టించాలా?

ప్రశ్న (కేటీ, టెక్సస్ నుంచి)

హ్యూస్టన్‌కు పడమట ఉన్న కేటీలో మేము నాలుగేళ్ల క్రితం ఇల్లు కొనుక్కున్నాము. ఇంటి వెనుక వాననీరు పోయే కాలువ ఉంది. ఆ కాలువ గట్టు పక్కన, మా కంచెకు లోపలే, ఎవరూ నాటని చెట్టు ఒకటి పెరిగింది. మేము చేరిన రోజుల్లో నడుమెత్తున ఉన్న ఆ మొక్క ఈ వేసవికి ఇంటి చూరును దాటింది. ఆకు రావి ఆకును చిన్నది చేసినట్లు, చివర సన్నని మొనతో ఉంటుంది. కాడ పొడుగు కావడం వల్ల గాలి లేకపోయినా కదులుతున్నట్లే కనిపిస్తుంది. నవంబరు వచ్చేసరికి ఒకే కొమ్మ మీద పసుపు, నారింజ, ఎరుపు, ఊదా రంగులు కనిపిస్తాయి. ఈ ఊళ్ళో ఆకులు రంగు మారే చెట్లు తక్కువ కనుక మా పిల్లలకు దాని మీద ప్రాణం.

నిరుడు అక్టోబరులో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నది. అది రావి కాదని చెప్పినా ఆమె రోజూ దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చునేది. కాయలు పగిలి ఒక్కొక్క కాయలో మూడేసి తెల్లని గింజలు బయటపడ్డాయి. వాటిని వేళ్ళతో నలిపి చూసి, చేతికి మైనంలా అంటుకున్న జిడ్డును చూపిస్తూ, ఇంత చమురున్న గింజను నేలపాలు చేయడమేమిటి, దీపానికైనా పనికిరాదా అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

మొన్న పక్క ఓక్ చెట్టు కొమ్మలు కొట్టడానికి వచ్చిన పనివాడు దీన్ని చూసి, ఇది చైనీస్ టాలో అని, ప్రభుత్వం హానికరమైన మొక్కల జాబితాలో చేర్చిన చెట్టు అని, వెంటనే తీయించేయమని చెప్పాడు. పక్కింటి పెద్దాయన మాత్రం మే నెలాఖరున దాని పూత మీద మూగే తేనెటీగలను చూపించి, అన్యాయంగా కొట్టించవద్దన్నారు. ఒక్క చెట్టు వల్ల అంత చెరుపు నిజంగా ఉంటుందా, ఆ గింజల నూనెకు ఉపయోగమేమైనా ఉందా, కొట్టించవలసివస్తే ఏ పద్ధతిలో కొట్టించాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు. పచ్చని చెట్టును తీసేయడానికి నాకు మనసొప్పడం లేదు. అందుకే కారణం బాగా తెలుసుకుని చేయాలనుకుంటున్నాను.

జవాబు 1 (వ్యవసాయశాస్త్రం చదువుకున్న వ్యక్తి, బేటన్ రూజ్, లూసియానా)

మీ అమ్మగారు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చెట్టు అమెరికాకు రావడానికి కారణమే ఆ తెల్లని జిడ్డు.

ఇది ఆముదం, అడవి ఆముదం ఉన్న కుటుంబానికే చెందినది. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. దీని సొంత ఊరు చైనా. అక్కడ వెయ్యేళ్లకు పైగా నూనె కోసం పెంచుతున్నారు. ఒకే గింజలో రెండు వేరు వేరు చమురులు ఉండటం దీని ప్రత్యేకత. పైన తెల్లగా కనిపించే పూత గట్టిపడే కొవ్వు. దానితో కొవ్వొత్తులు, సబ్బులు చేసేవారు. గింజలను ఆవిరి మీద వేడి చేసి, దంచి, ఆ పూతను వేరు చేసేవారు. లోపలి పప్పు నుంచి వచ్చే నూనె అందుకు భిన్నమైనది: అవిసె నూనెలాగా గాలికి ఆరి పొర కడుతుంది కనుక రంగులకు, వార్నిష్‌కు, చైనాలో దీపాలకు కూడా వాడారు. దీపానికి పనికిరాదా అన్న మీ అమ్మగారి ఊహ సరైనదే. అయినా ఇంట్లో ప్రయత్నించవద్దని నా సలహా. పాలు తగిలితే చర్మం మండుతుంది, కాయలు నోట పెట్టుకుంటే వాంతులవుతాయి, లోపలి నూనె తినడానికి పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో ఈ గింజలను దంచడం మంచిది కాదు.

ఇక రావడం సంగతి. 1772లో లండన్‌లో ఉన్న అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ జార్జియాలోని తన మిత్రుడికి ఈ చెట్టు గింజలు కొన్ని పంపుతూ, ఇది ఎంతో ఉపయోగపడే మొక్క అని రాశాడు. అందుచేత అమెరికాలో ఉన్న టాలో చెట్లన్నీ ఫ్రాంక్లిన్ చలవేనని చాలామంది అంటారు. జన్యు పరీక్షలు అలా చెప్పలేదు. ఆ పాత గింజల సంతానం జార్జియా, దక్షిణ కరోలినా తీరంలోనే ఉండిపోయింది. టెక్సస్, లూసియానా, ఫ్లోరిడాలను కమ్మేసినవి 20వ శతాబ్దం మొదట్లో అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ వేరే చోటి నుంచి తెప్పించిన విత్తనాల సంతానం. మెక్సికో గల్ఫ్ తీరంలో సబ్బు పరిశ్రమకు ముడిసరుకు దొరుకుతుందన్నది అప్పటి ఆశ.

ఆ పరిశ్రమ నిలబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మన ఏజెన్సీ ఊళ్ళలో ఇప్ప గింజలు ఏరడం చూసినవారికి తెలుస్తుంది, చెట్టు నూనె అంటే ముందుగా చేతుల పని. అమెరికాలో కూలి ధర పెట్టి, కొమ్మ చివర్ల నుంచి ఇంత చిన్న గింజలను సేకరించి, రెండు చమురులను విడివిడిగా తీయడం గిట్టుబాటు కాదు. తరువాతి కాలంలో బయోడీజిల్ పేరుతో మళ్ళీ ఆసక్తి పుట్టింది కానీ చిక్కు అక్కడే ఉంది.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. సామర్లకోటలో తోట పెంచి, ఆ తరువాత 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టును బెంగాల్‌లో చూసి, అందానికి తప్ప సాగుకు పనికిరాదని రాశాడు. గట్టి చలిలో తప్ప ఆ కొవ్వు గడ్డకట్టదని, మిగతా రోజుల్లో చిక్కని ద్రవంలా ఉండి తొందరగా ముక్కిపోతుందని ఆయన గమనించాడు. చైనాలోనే ఈ కొవ్వొత్తులు మెత్తబడకుండా పైన పురుగుల మైనపు పూత వేసేవారంటే, మన కోస్తా ఎండకు అవి నిలిచేవి కావని వేరే చెప్పనక్కరలేదు. హిమాలయ పాదాల దగ్గర డూన్ లోయలో, కాంగ్రాలో 19వ శతాబ్దంలో నాటినవి మాత్రం అక్కడ స్థిరపడి, నాటనిచోట్ల కూడా మొలుస్తున్నాయి.

జవాబు 2 (పచ్చిక మైదానాల పునరుద్ధరణలో స్వచ్ఛందంగా పనిచేసే వ్యక్తి, హ్యూస్టన్)

పై జవాబులో చెప్పిన కొవ్వు కథకు రెండో సగం ఉంది, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. మనుషులు ఏరుకోని ఆ కొవ్వును పక్షులు ఏరుకున్నాయి. చలికాలంలో ఉత్తరాది నుంచి దిగివచ్చే పిట్టలకు, ముఖ్యంగా రాబిన్‌లకు, పసుపు నడుము వార్బ్లర్‌లకు, ఇక్కడి గ్రాకిల్‌లకు ఆ తెల్లని పూత మంచి ఆహారం. పైపూత అరుగుతుంది, గింజ చెక్కుచెదరకుండా ఇంకెక్కడో పడుతుంది. కాలువ పక్కన రాలినవి నీటి మీద తేలిపోతాయి. చైనాలో రైతు ఏటా గింజలు కోసుకుపోయేవాడు కాబట్టి చెట్టుకు అదే ఒక కట్టడి అయ్యిందని నా అభిప్రాయం. ఇక్కడ కోసేవారు లేరు, ఆకు తినే పురుగులు కూడా దాదాపు లేవు. మీ కంచె దగ్గర ఎవరూ నాటకుండా ఆ చెట్టు ఎలా వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మీ చెట్టు గింజలు కూడా అలాగే వెళ్ళిపోతున్నాయి.

ఒక్క చెట్టు వల్ల అంత చెరుపా అని అడిగారు. మొలిచిన మూడో ఏటి నుంచే కాపు మొదలవుతుంది. పెద్ద చెట్టు ఏడాదికి లక్ష గింజల దాకా ఇవ్వగలదు. వరద నిలిచినా, కొంత ఉప్పు తగిలినా, నీడ పడినా ఈ మొక్క చావదు. హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీలలో చెట్ల లెక్క తీసినప్పుడు అన్నింటికంటే ఎక్కువగా తేలినది ఓక్ కాదు, పైన్ కాదు, ఈ టాలోనే.

చెట్లు పెరిగితే మంచిదే కదా అని మొదట్లో నేను కూడా అనుకున్నాను. మన ఊళ్ళలో బీడు భూమిని సర్కారు తుమ్మ కమ్మేస్తే ఏమవుతుందో చూసిన తరువాత కూడా, ఇక్కడ పచ్చగా కనిపించేసరికి ఆ పోలిక నాకు తట్టలేదు. మీరు నివసించే కేటీ ఒకప్పుడు అడవి కాదు. నడుమెత్తు గడ్డి, వందల రకాల పూల మొక్కలు, మధ్యమధ్య నీటి గుంటలతో కనుచూపు మేర సాగిన మైదానం. టెక్సస్, లూసియానా తీరంలో సుమారు 90 లక్షల ఎకరాల మేర ఉన్న ఆ మైదానంలో ఇప్పుడు చెక్కుచెదరక మిగిలినది నూటికి ఒక వంతు కూడా లేదు. ఎక్కువ భాగాన్ని దున్ని వరి, పత్తి వేశారు, ఆ మీద ఊళ్ళు కట్టారు. ఒకప్పుడు కేటీ అంటేనే వరి పండే ఊరుగా పేరు. వరి మానేసి వదిలేసిన మడులలో తిరిగి గడ్డి రావలసింది, టాలో వచ్చింది. మేత గానీ, కోత గానీ, నిప్పు గానీ తగలని పచ్చికను ఈ చెట్టు పదేళ్ళలో గుబురు అడవిగా మార్చేస్తుందని గాల్వెస్టన్ వైపు చేసిన పరిశోధనలలో తేలింది. నీడ ముసిరితే లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి గడ్డి జాతులు చస్తాయి. గడ్డి చస్తే మంట పాకదు. మంట పాకకపోతే ఆ చెట్లను ఇక నిప్పుతో అదుపు చేయలేము. ఈ గడ్డిని నమ్ముకుని బ్రతికే ఆట్‌వాటర్ ప్రెయిరీ చికెన్ అనే కోడిజాతి పక్షి అంతరించే దశకు చేరింది. ఈగిల్ లేక్ దగ్గర దానికోసం ప్రత్యేకంగా ఒక అభయారణ్యం ఉంది. ఆ పక్షికి వచ్చిన కష్టమంతా టాలో వల్లనే అనను, దున్నకమే పెద్ద కారణం. కానీ మిగిలిన కాస్త గడ్డిని కూడా తినేస్తున్నది మాత్రం ఈ చెట్టే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది కప్పల సంగతి. ఈ ఆకులు తొందరగా కుళ్ళుతాయి. చిన్న గుంటలో రాలితే నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తాయి, ఆమ్లాన్ని పెంచుతాయి. అటువంటి నీటిలో చలికాలంలో పెట్టిన కప్ప గుడ్లు చాలావరకు పొదగబడవని లూసియానా, టెక్సస్ పరిశోధకులు చూపించారు. మనకు అందంగా కనిపించే నవంబరు ఎర్ర ఆకు గుంటలోకి చేరాక చేసే పని అది.

ఇంకొక సంగతి. రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చైనా ప్రాంతపు గింజల మొక్కలను, అమెరికాలో పుట్టిన గింజల మొక్కలను టెక్సస్‌లో ఒకేచోట పెట్టి 14 ఏళ్ళు పెరిగిన తరువాత పోల్చారు. అమెరికా సంతానమే పెద్దదిగా పెరిగి, ఎక్కువ గింజలు కాసింది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి ఆకుల్లో పెట్టుకోవలసిన ఖర్చును తగ్గించుకుని ఎదుగుదలకు మళ్ళించుకున్నదని వారి వివరణ. అంటే ఇక్కడ పెరుగుతున్నది చైనా రైతు ఎరిగిన చెట్టు కూడా కాదు, ఈ నేలకు తగ్గట్టు మారిన చెట్టు.

కాబట్టి తీయించమనే చెబుతాను. టెక్సస్‌లో దీన్ని అమ్మడం నిషిద్ధం.

జవాబు 3 (తేనెటీగలు పెంచే వ్యక్తి, బ్రజోరియా కౌంటీ)

పై మిత్రులు చెప్పినదానిలో ఒక్క మాటనూ నేను కాదనను. అయినా మీ పక్కింటి పెద్దాయన తరఫున కొంత చెప్పవలసి ఉంది. నా దగ్గర పన్నెండు పెట్టెలు ఉన్నాయి. వసంతకాలపు అడవి పూలు అయిపోయి, ఎండలు ముదరబోయే ముందు, మే నెలాఖరు నుంచి జూన్ వరకు తేనెటీగలకు పెద్ద దిక్కు ఈ చెట్టే. పసుపుపచ్చని ఆ పూల కంకుల మీద ఉదయం పూట వినిపించే రొద విన్నవారు దాన్ని మరచిపోలేరు. గల్ఫ్ తీరంలో పెద్దఎత్తున తేనె తీసేవారు ఈ పూత కోసమే లారీలలో పెట్టెలు తరలిస్తారు. ఆ నెలరోజుల తేనె లేకపోతే చాలామందికి ఆ ఏడాది నష్టమే.

చైనా నుంచి తెచ్చిన ఒక చిన్న ఆకుపురుగును ఈ చెట్ల మీద వదలాలని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. ఆ పురుగు ఆకులను, దాని పిల్లపురుగు వేళ్ళను తింటుంది. ఆ ప్రతిపాదన మీద తేనె రైతులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నేనూ వారిలో ఒకడిని. పరీక్ష సరిగా జరగలేదని కాదు నా బాధ. వదిలిన పురుగును వెనక్కి పిలవలేము. చెట్లు తగ్గిపోయిన చోట అదే నెలలో అంత మకరందం ఇచ్చే మరొకదాన్ని ముందుగా పెంచకుండా వదలడం సరికాదని నా మాట.

ఇంత చెప్పిన నేను నా స్థలంలో ఒక్క టాలోను కూడా నాటలేదు, ఎవరినీ నాటమని చెప్పను. మీ ఒక్క చెట్టు తీసినందువల్ల ఈగలకు కలిగే లోటు ఏమీ లేదు, ఎందుకంటే మీ కాలువ వెంబడే వందల చెట్లు ఉండి ఉంటాయి. అయితే పూత అయ్యాక తీయించండి. ఈ ఏడాది పూత ఇప్పటికే అయిపోయింది కనుక ఆ చింత అవసరం లేదు.

జవాబు 2 వ్రాసినవారి నుంచి మళ్ళీ

మూడవ జవాబు ఇచ్చినవారికి నా కృతజ్ఞతలు. ఈ విషయంలో మైదానాల కోసం పనిచేసేవారు తేనె రైతుల మాట వినిపించుకోవడం తక్కువ, అది మా పొరపాటు. ఒక్కటి మాత్రం మీరు ఆలోచించాలని కోరుతున్నాను. ఆ మైదానంలో మార్చి నుంచి నవంబరు దాకా ఏదో ఒక పువ్వు పూస్తూనే ఉండేది. ఇప్పుడు ఈగలు ఒకే చెట్టు మీద ఆధారపడవలసి రావడానికి, ఆ పూలన్నీ పోవడానికి కారణాలలో ఈ చెట్టు కూడా ఒకటి. ఆకుపురుగు విషయంలో మీరు అడిగిన పూచీ న్యాయమైనదే.

ఇక కొట్టే పద్ధతి. ఉత్తినే నరికితే లాభం లేదు. మోడు నుంచి, వేళ్ళ నుంచి పదుల కొద్దీ పిలకలు వస్తాయి, ఒక చెట్టు పొదగా మారుతుంది. నేలకు దగ్గరగా కోయించి, రంపపు పొడి తుడిచి, కోసిన కొద్ది నిమిషాల్లోనే ట్రైక్లోపిర్ అనే కలుపు మందును మోడు అంచున, బెరడుకు లోపలి వలయం మీద కుంచెతో పూయించాలి. నడిమి చేవకు పూయనక్కరలేదు, చెట్టు ప్రాణం అంచులోనే ఉంటుంది. సీసా మీద రాసిన మోతాదును మించవద్దు. మీది కాలువ పక్క స్థలం కాబట్టి నీటి దగ్గర వాడటానికి అనుమతి ఉన్న రకాన్నే అడిగి తీసుకోండి. వాన సూచన ఉన్న రోజున పని పెట్టుకోవద్దు. పనివారు చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇప్పుడు జూలై. కొమ్మల్లో పిట్ట గూళ్ళు ఉన్నాయేమో ముందు చూడండి. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని కదిలించడం ఇక్కడ చట్టరీత్యా నేరం. ఆగస్టు చివరి వారం దాకా ఆగితే గూళ్ళు ఖాళీ అవుతాయి, కాయలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. అంతకు మించి ఆలస్యం చేస్తే కాయలు పగిలి, కోసేటప్పుడే గింజలన్నీ పెరడంతా రాలుతాయి. కాలువ వైపు ఉన్న చెట్లను మీరు ముట్టుకోవద్దు, అవి కాలువను చూసే సంస్థవి, వారికి తెలియజేయండి. మీ కాలనీ సంఘానికి కూడా ముందుగా ఒక ఉత్తరం పెట్టుకోవడం మంచిది, తీసిన చెట్టుకు బదులు మరొకటి నాటాలన్న నియమం చాలా కాలనీలలో ఉంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ నా నమస్కారాలు. మీ జవాబులను మా అమ్మకు ఫోనులో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. దీపానికి పనికివస్తుందన్న తన ఊహ నిజమైనందుకు సంతోషించింది, తెనాలి ఎండకు ఆ కొవ్వు నిలవదన్న మాటకు ఔనన్నది. కప్ప గుడ్ల సంగతి విన్న తరువాత కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, తను వచ్చేలోగానే తీయించేయమని, తను ఉండగా వద్దని చెప్పింది. ఆగస్టు నెలాఖరుకు మనిషిని మాట్లాడుకున్నాను. మా కంచె పొడుగునా నిన్న వెతికితే జానెడు పొడవున్న పిల్లమొక్కలు పదిహేడు కనిపించాయి. పిల్లలిద్దరూ నేనూ కలిసి వాటిని వేళ్ళతో సహా పీకేశాము.

ఒక్కటే ఇంకా అడగవలసి ఉంది. అమ్మ కుర్చీ వేసుకునేచోట నీడ కావాలి, పిల్లలకు ఎర్ర ఆకు కావాలి. ఆ చోట ఏది నాటితే మంచిది?

జవాబు 2 వ్రాసినవారి నుంచి

ఎర్ర ఆకు కావాలంటే షూమార్డ్ ఓక్ నాటండి. ఇది ఈ నేల చెట్టే, శరత్కాలంలో ఎర్రబడుతుంది, పెద్ద నీడ ఇస్తుంది. నీరు బాగా నిలిచే చోటైతే బాల్డ్ సైప్రస్ మేలు, దాని ఆకు ఇటుక రంగుకు మారి రాలుతుంది. రెండూ టాలో అంత వేగంగా పెరగవు, కాబట్టి మొదటి నాలుగైదేళ్ళు అమ్మగారి కుర్చీకి పందిరి ఏదైనా వేయవలసి వస్తుంది. నాటడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, అంటే ఆమె ఇక్కడ ఉన్నప్పుడే గుంట తవ్వవచ్చు.

పిల్లమొక్కలను పీకడం ఇంతటితో ఆపవద్దు. రాలిన గింజ మట్టిలో కొన్నేళ్ళ దాకా మొలకెత్తే శక్తితో ఉంటుంది. వాన పడిన మర్నాడు మట్టి మెత్తగా ఉన్నప్పుడు చూస్తే వేరు తెగకుండా వస్తుంది. మోడు చుట్టూ కూడా వచ్చే వసంతంలో ఒకసారి చూసి, పిలక కనిపిస్తే వెంటనే మళ్ళీ మందు పూయండి.